నొక్కితే మోగుతోంది, ఫైల్ మాత్రం దిగడం లేదు

సమస్య: ఎంపీ3 లింక్ నొక్కగానే ప్లేయర్ తెరుచుకుని ఆడియో మొదలైపోతుంది. డౌన్‌లోడ్ మాత్రం కాదు. సిగ్నల్ సరిగా అందని ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు హరికథో ప్రవచనమో పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వాలంటే ఇలా కుదరదు, ఫైల్ చేతికి రావాల్సిందే.

కారణం: సర్వర్ ఫైల్‌తో పాటు ‘ఇది ఆడియో’ అని కూడా బ్రౌజర్‌కు చెబుతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీలకు ఎంపీ3 వినిపించడం వచ్చు కాబట్టి అడక్కుండానే వినిపించేస్తాయి. మీ ఫోన్‌లో లోపమేమీ లేదు, టెన్షన్ పడకండి.

పరిష్కారం: లింక్‌ను మామూలుగా నొక్కకండి. కంప్యూటర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి ‘సేవ్ లింక్ యాజ్’ అనండి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో లింక్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే ‘డౌన్‌లోడ్ లింక్’ వస్తుంది. ఐఫోన్ సఫారీలోనూ అలాగే పట్టుకుని ‘డౌన్‌లోడ్ లింక్డ్ ఫైల్’ ఎంచుకోవాలి. ఇది 2019లో ఐఓఎస్ 13తో వచ్చింది. దిగిన ఫైల్ కోసం మ్యూజిక్ యాప్‌లో వెతక్కండి, ‘ఫైల్స్’ యాప్‌లో చూడండి. కంప్యూటర్‌లో ప్లేయర్ ఒక్కటే ట్యాబ్ నిండా తెరుచుకుని ఉంటే కంట్రోల్, ఎస్ కలిపి నొక్కినా చాలు.

సమస్య: ఫైల్ దిగింది, కానీ ప్లే కావడం లేదు.

ముందు సైజు చూడండి. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3 నిమిషానికి దాదాపు 1 ఎంబీ ఉంటుంది, అంటే అరగంట ప్రవచనానికి 29 ఎంబీ దాకా రావాలి. మీ దగ్గర 40 కేబీయే ఉందంటే దిగింది ఆడియో కాదు, ఆ ఆడియో ఉన్న వెబ్ పేజీ. పేరు చివర ఎంపీ3 అని మార్చినా అది పలకదు. ఆ పేజీ తెరిచి, లోపలున్న అసలు లింక్‌ను పట్టుకోవాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారం)లో అయితే ప్లేయర్‌తో పనే లేదు, కిందికి జరిపితే కుడివైపు ‘డౌన్‌లోడ్ ఆప్షన్స్’ అని ఉంటుంది.

పేరు చివర ఎం3యూ అని ఉంటే అది ఆడియో చిరునామాలు రాసిన చీటీ లాంటిది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అందులోని చిరునామాతో డౌన్‌లోడ్ చేసుకోండి. ఎం3యూ8 అయితే ఆడియో చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది, రైట్ క్లిక్‌కు లొంగదు. ఆ ఆడియో ఇస్తున్న సంస్థ యాప్‌లో ఆఫ్‌లైన్ సౌకర్యం ఉందేమో చూడండి.

పేరు చివర సీఆర్‌డౌన్‌లోడ్ అని కనిపిస్తే క్రోమ్ ఇంకా దించుతూనే ఉంది, లేదా మధ్యలో ఆగిపోయింది. దాన్ని తీసేయకుండా డౌన్‌లోడ్స్ పేజీలో ‘రెజ్యూమ్’ నొక్కండి.