సబ్బునీళ్లతో జపాన్ పెంకుపురుగుల పని పట్టాను

న్యూజెర్సీలో మా పెరటి గులాబీ ఆకులు జూలై మొదటి వారానికే ఈనెలు మాత్రం మిగిలి జల్లెడలా మారాయి. ఆకుపచ్చ తల, రాగిరంగు రెక్కలు: జపాన్ పెంకుపురుగులు. అమెరికాలో ఇవి తొలిసారి బయటపడింది కూడా ఈ రాష్ట్రంలోనే, 1916లో.

ముందు వాసన ఎర ఉన్న సంచిని గులాబీల పక్కనే వేలాడదీశాను. అదే పెద్ద పొరపాటు. అది చుట్టుపక్కల పురుగులన్నిటినీ రప్పించింది. సంచిలో పడనివి బెండ మొక్కల మీదా వాలాయి. వెంటనే తీసేశాను.

చివరికి పని చేసింది సబ్బునీళ్ల బకెట్టే. తెల్లవారుజామున చల్లదనానికి పురుగులు మందకొడిగా ఉంటాయి. కొమ్మ కింద బకెట్ పట్టి తడితే ఎగరకుండా జారి పడతాయి. ఒక్క రోజు కూడా మానలేదు, ఎందుకంటే కొరికిన ఆకుల వాసనకే మరికొన్ని వస్తాయి. మూడు వారాలకు కొత్త చిగుళ్లు నిలిచాయి. తేనెటీగలు వాలే పూల మీద మందు చల్లడానికి మాత్రం నాకు మనసొప్పలేదు.