మడ అడవి లెక్క – 4వ పాఠం: పది మీటర్ల గడి

ఆకు చూసి మడ చెట్లను తెల్లమడనీ తిల్లనీ పొన్ననీ విడగొట్టడం పోయిన పాఠంతో అయింది. ఇక అడవిలో గడి గీసి, అందులోని చెట్లను కొలవాలి.

గుంటూరు నుంచి తెనాలి, రేపల్లె మీదుగా నిజాంపట్నం చేరడం తేలికే. బురదలో ఎంతసేపు ఉండొచ్చన్నది మాత్రం ఆటుపోట్లను బట్టే. ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఆటుపోట్ల పట్టికల్లో ఇచ్చే వేళలు ఒడ్డుకు సంబంధించినవి. పాయ లోపలికి వెళ్లేకొద్దీ ఆటు ఇంకా ఆలస్యంగా అందుతుంది. పడవ నడిపేవారిని అడగడమే మేలు. నీరు పూర్తిగా తీయడానికి రెండు గంటల ముందు దిగి, పోటు మొదలవగానే బయటికి వచ్చేయాలి. అమావాస్య, పౌర్ణమికి నీరు బాగా తీస్తుంది, అంతే జోరుగా ఎక్కుతుంది కూడా. కొత్తవాళ్లకు అష్టమి దగ్గరి రోజులు నయం. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం పరిధిలో పనిచేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

కావలసినవి: 30 మీటర్ల ఫైబర్‌గ్లాస్ టేపు, చిన్న టేపు ఒకటి, వెదురు గూటాలు నాలుగు, ప్లాస్టిక్ తాడు, పెన్సిలు. నైలాన్ తాడు వద్దు, తడిస్తే సాగి గడి పెద్దదవుతుంది. దర్జీ టేపుదీ అదే తంతు. చెప్పులు బురదలోనే ఉండిపోతాయి, బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాసవేర్లు అరికాలిని చీరేస్తాయి. లేసులున్న కాన్వాస్ బూట్లు వేసుకోండి. తిల్ల కొమ్మ విరిస్తే వచ్చే పాలు కంట్లో పడితే ప్రమాదం, ఆ చేత్తో ముఖం తుడుచుకోవద్దు.

పాయ ఒడ్డుకు లంబంగా, లోపలి నేలవైపు ఒక గీత అనుకోండి. దాని మీద 10, 50, 90 మీటర్ల దగ్గర గడులు వేయాలని ఇంట్లోనే రాసుకోండి. అక్కడికెళ్లాక ఎంచుకుంటే కాళ్లు తేలిగ్గా నడిచే చోటికే పోతాయి, లెక్క వంకరవుతుంది. గడి 10 x 10 మీటర్లు. మూలమట్టానికి 3, 4, 5 మీటర్ల త్రిభుజం చాలు. గడి రెండు కర్ణాలూ 14.14 మీటర్లు రావాలి. తేడా వస్తే గూటం జరపండి. గడిలో ఒక మూల 5 x 5లో చిన్న మొక్కలు, అందులో 1 x 1లో మొలకలు లెక్కించండి. హద్దు మీద పడ్డ చెట్టుకు ముందే ఒక నియమం పెట్టుకోండి: రెండు వైపులవి లోపల, మిగతా రెండు వైపులవి బయట.

చుట్టుకొలత నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున తీయాలి. పొన్నకు అది కుదరదు, ఆ ఎత్తున ఊతవేర్లే తగులుతాయి. అన్నింటికన్నా పైనున్న ఊతవేరు నుంచి 30 సెంటీమీటర్ల పైన కొలవండి.

ఎక్కువమంది బోల్తాపడేది తెల్లమడ దగ్గర. నరికిన మొదలు నుంచి లేచిన చెట్టు కిందనే రెండు మూడు కాండాలుగా చీలి ఉంటుంది. ప్రతి కాండాన్నీ విడిగా కొలవాలి, చెట్ల సంఖ్యలో మాత్రం ఒక్కటిగానే వేయాలి. కాండం మధ్యచ్ఛేద వైశాల్యానికి, అంటే అడ్డంగా కోస్తే కనిపించే ముఖం వైశాల్యానికి, చుట్టుకొలత వర్గాన్ని 12.57తో (4π) భాగించాలి. కాండాల చుట్టుకొలతలు ముందే కూడేసి వర్గం చేశారా, లేని కలప కాగితం మీద పుట్టుకొస్తుంది. 20 సెంటీమీటర్ల కాండాలు రెండుంటే అసలు వైశాల్యం 64 చదరపు సెంటీమీటర్లు. కూడి 40 అనుకుంటే 127. నరికివేతకు గురైన అడవిలో ఈ చీలికలే ఎక్కువ కాబట్టి, పాడైన అడవి మీ పట్టికలో పచ్చగా కనిపిస్తుంది.

అభ్యాసం: ఒక గడిలో రెండే తెల్లమడలు. మొదటిది 18, 24 సెంటీమీటర్ల రెండు కాండాలది. రెండోది 31 సెంటీమీటర్లది. వైశాల్యం మొత్తం 148 చదరపు సెంటీమీటర్ల దగ్గర రావాలి. హెక్టారుకు మారిస్తే 1.48 చదరపు మీటర్లు, 200 చెట్లు. మీకు 217 వస్తే ఎక్కడ కూడారో వెతకండి. 5వ పాఠంలో బురద నీటి ఉప్పదనం: 30 సెంటీమీటర్ల గుంత, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు.