చెక్క నేల మన ఇంటికి నప్పుతుందా? – 3వ పాఠం: మీటరు అంకెలు చదవడం

కిందటి పాఠంలో పడకగది గోడకు తేమ మీటరు తగిలించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అంకెలు రాసుకోమన్నాను. ఆ పుస్తకం తెరవండి. శ్రీకాకుళంలో ఉన్నవారికి 70, 80 కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. సముద్రం పక్కన కాపురం పెట్టి అంతకన్నా పొడిగాలి ఎలా వస్తుంది?

ముందు మీటరు నిజం చెబుతోందా అన్నది తేల్చుకోవాలి. చవక మీటర్లు ఐదారు అంకెలు అటూ ఇటూ చూపడం మామూలే. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, ముద్దయ్యేటన్ని నీటి చుక్కలు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు, తడిసి ఉండాలి. ఆ మూతను, మీటరును గాలి చొరబడని డబ్బాలో పెట్టి రాత్రంతా కదపకండి. తడి ఉప్పు మీది గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. తెల్లారి మీటరు 70 చూపితే, మీ పుస్తకంలోని అంకెలన్నిటికీ 5 కలుపుకోండి. నౌపడ కల్లుప్పు కూరకు ఎంత బాగున్నా ఈ పనికి వద్దు. అందులోని మెగ్నీషియం లవణాలు అంకెను కిందికి లాగుతాయి. ప్యాకెట్ ఉప్పు చాలు.

ఇక అసలు సంగతి. చెక్కను పాడుచేసేది ఎక్కువ తేమ ఒక్కటే కాదు, తేమలో వచ్చే తేడా. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 80 శాతంగా నిలిచి ఉంటే చెక్కలో తేమ 15.5 శాతం దగ్గర ఆగుతుంది. గాలి తేమ 50కి దిగితే చెక్కలో 9 శాతమే మిగులుతుంది. ఆ మధ్యలో 120 మిల్లీమీటర్ల టేకు పలక వెడల్పులో దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు మారుతుంది. పొడవులో మార్పు లెక్కలోకి రాదు. ఒక్క పలకకు ఇది పెద్ద విషయం కాదనిపిస్తుంది. మూడు మీటర్ల గదిలో అలాంటి పలకలు 25 పడతాయి, మొత్తం కలిపితే మూడున్నర సెంటీమీటర్లు! గోడవారన వదిలే సందు సాధారణంగా ఒక సెంటీమీటరు పైచిలుకే.

అయితే ఒక రాత్రి ఏసీ వేసినంత మాత్రాన పలక లోపలిదాకా ఆరదు, అందుకు వారాలు పడుతుంది. కాబట్టి రోజువారీ ఎగుడుదిగుళ్లు వదిలేసి, వారం సగటు కట్టండి. ఏసీ ఎక్కువగా నడిచే మే నెలలో ఒక వారం, కిటికీలు తెరిచి ఉంచే సెప్టెంబరులో ఒక వారం తప్పనిసరి. రెంటి మధ్య తేడా 15 లోపు ఉంటే, ఆ గది గాలికి అలవాటుపడేలా కొన్ని వారాలు ఉంచిన టేకు పలకలు వేసుకోవచ్చు. 15 నుంచి 25 అయితే పొరలు అంటించి చేసిన ఇంజినీర్డ్ పలకలు, అవీ వెడల్పు తక్కువవి. అది దాటితే టైల్సే మేలని నా లెక్క. ఈ కొలతలో ఏసీ ఊసే లేని విజయనగరం పాత పెంకుటిల్లు, వేసవిలో పగలూ రాత్రీ ఏసీ నడిచే కొత్త ఫ్లాటు కన్నా ముందుంటే ఆశ్చర్యం లేదు. సగటే 80 దాటితే మాత్రం తేడా ఎంత తక్కువైనా బూజు బెడద తప్పదు.

“ఏడాది పొడవునా ఏసీ ఆపను” అనేవారు 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానం పల్లెలు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్న సంగతి గుర్తుచేసుకోవాలి.

వచ్చే పాఠం గచ్చు కింది తేమ గురించి. ఈలోగా అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీటును గచ్చుమీద నాలుగు వైపులా టేపుతో అంటించి, కనీసం 16 గంటలు ఉంచండి. తీశాక షీటు లోపలివైపు చెమ్మ పట్టిందా, గచ్చు రంగు ముదిరిందా చూసి అదే పుస్తకంలో రాయండి.