ఎర్రగడ్డ అటకెక్కే ముందు

శివరాత్రి వెళ్లిపోయింది. డిసెంబరు మొదటి వారంలో నారు నాటినవాళ్ల పెరట్లో ఇప్పటికి గడ్డ సగం పైగా మట్టి మీదికి తేలి ఉంటుంది. కోస్తాలో ఉల్లిపాయ అంటారు, మా కర్నూలు వైపు ఎర్రగడ్డ అంటాం. పేరేదైనా, అది ఆషాఢం దాటుతుందా, మధ్యలోనే కుళ్లుతుందా అన్నది రాబోయే మూడు నాలుగు వారాల్లో తేలిపోతుంది. చాలామంది వానలు మొదలయ్యాక సంచులు విప్పి కంగారు పడతారు. అప్పటికి చేయగలిగింది ఏరి పారెయ్యడమే.

నాకిది నష్టపోయాకే తెలిసింది. మొదటిసారి పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు మడిలో 22 కిలోలు పండాయి. గడ్డ సులువుగా ఊడి వస్తుందని, కాస్త బరువు కూడా తూగుతుందని, పీకడానికి ముందురోజు సాయంత్రం మడి నిండా నీళ్లు పెట్టాను. రెండు రోజులు ఎండలో పడేసి, ఖాళీ యూరియా సంచిలో నింపి, మూతి కట్టి అటకెక్కించాను. (తినే వస్తువు ఎరువు సంచిలో పెట్టడమే తప్పు, అది వేరే సంగతి.) జూలైలో ఒకరోజు బియ్యం డ్రమ్ము మూత మీద గోధుమరంగు చుక్కలు కనిపించాయి. తుడిచాను. మర్నాడు మళ్లీ పడ్డాయి. తలెత్తి చూస్తే సంచి అడుగు తడిసి కారుతోంది. విప్పాక ఆ వాసన వారం దాకా ఇల్లు వదల్లేదు. మా అత్తమ్మ తిట్టలేదు గానీ ఒక్క మాట అనింది: "గడ్డలకు నీళ్లు తాపి అటకెక్కిస్తివి, అవి ఊరికే ఉంటాయా?"

అందుకే అన్నిటికన్నా ముందు నీళ్ల సంగతి. పీకడానికి 10 నుంచి 15 రోజుల ముందే తడి ఆపెయ్యండి. ఆకు పసుపు తిరుగుతోందని జాలిపడి చెంబుడు నీళ్లు పోయొద్దు. పసుపు తిరగాల్సిందే. నాటిన నెలన్నర దాటాక యూరియా కూడా వెయ్యొద్దు. వేస్తే ఆకు ముదురాకుపచ్చగా, చూడముచ్చటగా పెరుగుతుంది, దాంతోపాటు మెడ, అంటే గడ్డ పైన ఆకు మొదలయ్యే చోటు, లావవుతుంది. లావు మెడ సరిగా ఎండదు, ఎండని మెడలోంచే కుళ్లు గడ్డలోకి దిగుతుంది.

ఎప్పుడు పీకాలో ఆకే చెబుతుంది. మడిలో సగం మొక్కల ఆకు మెడ దగ్గర మెత్తబడి తనంతట తాను వాలిపోయిందంటే సమయమైనట్టు. వానాకాలం పంటలో ఆకు ఇలా వాలదు కాబట్టి రైతులు తొక్కి పడేస్తారు. అది చూసి మనం ఈ కాలం పంటను తొక్కాల్సిన పనిలేదు. సగం వాలాక ఇంకా లావవుతుందని ఆశపడి ఉంచినా నష్టమే. ఏప్రిల్‌లో గాలివాన ఎప్పుడు పడుతుందో తెలీదు. ఆకు వాలిన గడ్డ మీద వాన కురిస్తే కొత్త వేళ్లు తొడుగుతుంది, పై పొట్టు చిట్లుతుంది. వాన సూచన ఉంటే పొడి మట్టిలో ఉండగానే పీకి వరండాలోకి చేర్చండి. మీద పట్టా కప్పి ఊరుకోకండి, లోపల చెమట పట్టి వానకు తడిసినంత పనవుతుంది.

పీకేటప్పుడు పార తగిలి గాటు పడ్డ గడ్డల్ని వెంటనే వేరే గంపలో వెయ్యండి. మంచివాటిని మడిలోనే వరసగా పరిచి, ఒక వరస ఆకు ముందు వరస గడ్డల్ని కప్పేలా సర్దండి. మా దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, నేరుగా తగిలితే గడ్డ ఒక పక్క ఉడికినట్టు తెల్లబడి మెత్తబడుతుంది. ఇలా మూడు రోజులు ఉంచాక నీడకు మార్చాలి. నేను వసారాలో పాత నులక మంచం మీద ఒక్క వరసగా పరుస్తాను. కిందనుంచీ గాలి ఆడుతుంది, అంతకంటే మంచి సాధనం నాకు కనబడలేదు. పది పన్నెండు రోజులు కదపకుండా ఆరనివ్వండి. మట్టి అంటుకుందని కడగొద్దు, ఎండాక చేత్తో రుద్దితే అదే రాలిపోతుంది.

ఆరిందో లేదో చూడ్డానికి నా పద్ధతి ఒకటుంది. మెడను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని నలుపుతాను. లోపల పొరలు ఒకదాని మీద ఒకటి జారినట్టు అనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే, ఎండు కాగితంలా పటపటమంటే అయినట్టు. అప్పుడే ఆకు కొయ్యాలి, అదీ గడ్డకు ఆనించి కాదు, అంగుళం మెడ వదిలి.

ఇక ఏరివేత. దీన్ని బద్ధకించొద్దు. పూతకాడ వచ్చినవి, జోడు గడ్డలు, మెడ లావుగా ఉన్నవి, దెబ్బ తగిలినవి ముందు వంటకు. బాగా పెద్దవి కూడా ముందే వాడెయ్యండి. మెడ సన్నగా మూసుకుపోయిన, పొట్టు గట్టిగా ఉన్న మధ్యరకం గడ్డలే దాచడానికి పనికొస్తాయి.

రకం మాట కూడా చెప్పాలి. అగ్రిఫౌండ్ లైట్ రెడ్, ఎన్-2-4-1, భీమా శక్తి లాంటి రబీ రకాలు సరిగా ఆరితే నాలుగైదు నెలలుంటాయి. అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, ఎన్-53 లాంటి వానాకాలం రకాలు ముదురు రంగుతో నిగనిగలాడుతాయి గానీ నెలా నెలన్నర మించి ఆగవు. కర్నూలు మార్కెట్లో ఆగస్టు, సెప్టెంబరుల్లో చవగ్గా దొరుకుతున్నాయని అవి బస్తాలకొద్దీ కొని దాచొద్దు. అమెరికా నుంచి విత్తనాలు తెప్పించుకునేవాళ్లకూ ఒక మాట. మా చెల్లెలి కొడుకు షికాగో నుంచి ఎర్ర ఉల్లి విత్తనాల పొట్లం తెచ్చిచ్చాడు. నారు బ్రహ్మాండంగా వచ్చింది, ఆకు మోకాలెత్తు పెరిగింది, అడుగున గడ్డ మాత్రం ఊరలేదు. అక్కడి ఉత్తరాది రకాలకు 14 గంటలకు పైగా పగటి వెలుగు ఉండాలి, మనకు నడివేసవిలోనూ అంత పొద్దు ఉండదు. ఉల్లికాడలు మాత్రం తిన్నాం.

దాచే చోటు విషయానికొస్తే, మూతి కట్టిన ప్లాస్టిక్ సంచి, వంటింటి ఆవిరి తగిలే అలమర, రేకుల గది, ఫ్రిజ్ ఇవేవీ పనికిరావు. ఫ్రిజ్‌లోని తేమకు గడ్డ మెత్తబడుతుంది. బంగాళాదుంపలతో కలిపి పెట్టొద్దు, ఒకదాని తేమ ఇంకోదానికి చేటు. ఎర్ర వలసంచుల్లో మూడు నాలుగు కిలోల చొప్పున కట్టి, గాలి ఆడే నీడలో వేలాడదీస్తే చాలు. గంపలో పెడితే జానెడు ఎత్తుకు మించకుండా, కింద ఇటుకలు వేసి నేలకు తగలకుండా ఉంచండి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే గంట రెండు గంటలు ఫ్యాను వెయ్యండి.

మృగశిర కార్తె వచ్చిందంటే పది రోజులకోసారి చెయ్యి పెట్టి కలియతిప్పి చూడాలి. మెత్తబడి జిగురు కారేదాన్ని అప్పుడే తీసెయ్యండి, దాన్ని మళ్లీ ఉల్లి మడికి వెళ్లే ఎరువు గుంటలో వెయ్యొద్దు. పొట్టు కింద మసిలాంటి నల్లపొడి కనిపిస్తే అది బూజు. పైపొర, దాని కింద పొర తీసేశాక లోపల గట్టిగా, తెల్లగా ఉంటే కడిగి వాడుకోవచ్చు. ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ఆ గడ్డ వొలవకపోవడమే మంచిది.

అసలు గండం శ్రావణంలో. చాలా ఇళ్లలో ఆ నెల ఎర్రగడ్డ వాడకం తగ్గుతుంది, కొందరు ముట్టనే ముట్టరు. రోజూ చెయ్యి పడితే కుళ్లింది కంటబడుతుంది, ముట్టని నెలలో సంచివైపు చూసే దిక్కే ఉండదు, పైగా గాల్లో తేమ ఎక్కువ. తినకపోయినా సరే, వారానికోసారి సంచి దించి, మంచం మీద కుమ్మరించి చూడండి. మొలకెత్తినవి దొరికితే కుండీలో గుచ్చండి. నెల పూర్తయ్యేసరికి కాడలు కోతకొస్తాయి.