మిర్చి యార్డును పాస్టెల్‌లో గీయాలంటే

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ గీయమంటే నా దగ్గర నేర్చుకునే పిల్లలు పేపర్ నడుమ ఒక మిర్చి బస్తా, పక్కన నిండుగా ఒక మనిషి, పైన ఆకాశం పెడతారు. బొమ్మ కుదురుగానే ఉంటుంది కానీ యార్డులో నిలబడినట్టు అనిపించదు. అందుకే ముందుగా వాళ్లకు ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్గార్ దెగా 1886లో వేసిన 'ద టబ్' అనే పాస్టెల్ (సుద్దలాంటి రంగు కడ్డీలతో వేసిన బొమ్మ) చూపిస్తాను. తొట్టిలో వంగి స్నానం చేస్తున్న స్త్రీని అందులో పైనుంచి చూస్తాం. కుడివైపు కూజాలున్న బల్ల సగమే కనిపిస్తుంది, దాని అంచు బొమ్మను నిలువునా కోసేస్తుంది. ఇలా చూడటం దెగా జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో నేర్చుకున్నాడు. 1850ల్లో జపాన్ రేవులు తెరుచుకున్నాక అవి పారిస్‌కు బాగా వచ్చాయి. జపాన్ చిత్రకారుడు కియొనాగా వేసిన స్నానశాల బొమ్మ దెగా సొంత సేకరణలోనే ఉండేది.

ఫిబ్రవరి, మార్చిలో సరుకు జోరుగా వచ్చేటప్పుడు పొద్దున్నే వెళ్లండి. సాఫ్ట్ పాస్టెల్స్, గోధుమరంగు కాగితం తీసుకెళ్లండి. ఆయిల్ పాస్టెల్స్ దీనికి వద్దు. పాత పెళ్లిపత్రిక అట్టలో చిన్న కిటికీ కోసి పెట్టుకోండి. కాస్త ఎత్తున నిలబడి, ఆకాశం కనపడకుండా ఆ కిటికీలోంచి చూడండి. దగ్గరి బస్తా సగం తెగిపోయేదాకా అట్టను జరపండి. ఆ తెగిన బస్తానే పెద్దగా గీయాలి. మరో జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857లో కమెయిదో తోట బొమ్మలో చేసింది ఇదే: ముందున్న చెట్టు మాను బొమ్మంతా అడ్డంగా పరుచుకుంటుంది, మనుషులు దాని వెనక చిన్నగా ఉంటారు.

అసలు పని ఎరుపు దగ్గర. మూతి విప్పిన బస్తాలో చపాటా మిర్చి ఉంటే ముందు ముదురు మెరూన్ పరచండి. నీడకు నలుపు వాడితే ఎరుపు చచ్చిపోతుంది, ఊదా పెట్టండి. దాని మీద ఎరుపును ఏటవాలు గీతలుగా వేయండి. వేలితో రుద్దకండి, మిర్చి గరుకుదనం ఆ గీతల్లోనే ఉంటుంది. ఎండ తగిలే అంచున మాత్రం రెండు మూడు నారింజ గీతలు చాలు. ప్రతి కాయా గీయాలన్న టెన్షన్ వద్దు.

నేలకు రంగే వేయకండి, కాగితాన్నే నేల అనుకోండి. 1879-80లో వెనిస్‌లో అమెరికన్ చిత్రకారుడు విస్లర్ కూడా గోధుమరంగు కాగితాన్ని అలాగే చాలాచోట్ల ఖాళీగా వదిలేశాడు.

పొడిని నోటితో ఊదకుండా బోర్డు వంచి తట్టండి. ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొడితే రంగు కొంచెం మసకబారుతుంది కాబట్టి పలుచగా కొట్టి, ఆరాక ఆ నారింజ గీతలు మళ్లీ దిద్దండి.