మ్యూజిక్ కాలేజీలో ఈవెంట్స్ ఉద్యోగమా? ముందు కుర్చీలు లెక్కపెట్టండి

మ్యూజిక్ కాలేజీలో ఈవెంట్స్ అడ్మిన్‌గా చేరాలనుకునేవాళ్లు ముందు సర్టిఫికెట్ కోర్సుల కోసం వెతుకుతారు. నన్నడిగితే, ముందు ఏదైనా విద్యార్థుల కచేరీకి వాలంటీర్‌గా వెళ్లి స్టేజి పక్కన నిలబడండి. ఒక అంశం అయ్యి ఇంకోటి మొదలయ్యే ఆ నాలుగైదు నిమిషాల్లోనే అసలు ఉద్యోగం కనిపిస్తుంది.

స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వియోలా, చెల్లో వాయించే నలుగురు) దిగి పియానో ట్రియో (పియానో, వయొలిన్, చెల్లో వాయించే ముగ్గురు) ఎక్కాలనుకోండి. నాలుగు కుర్చీల్లో రెండు తీయాలి, నోట్స్ పెట్టుకునే స్టాండ్లు సర్దాలి, పియానో మూత ఎత్తాలి, పేజీలు తిప్పే మనిషికి పియానిస్టు ఎడమ పక్కన ఒక కుర్చీ వేయాలి. ఇదంతా ముందే కాగితం మీద గీసుకునేదే స్టేజి ప్లాన్. అలాంటివి ఓ మూడు గీసి దగ్గర పెట్టుకోండి. ఇంటర్వ్యూలో అనుభవం ఏముందని అడిగితే తీసి చూపించొచ్చు.

ఇక పియానో. ట్యూనర్‌ని పిలిచేటప్పుడు శ్రుతి ఎంతో కూడా చెప్పాలి. 1975 నాటి ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం 'ఎ' స్వరం 440 హెర్ట్జ్, కానీ 442 అడిగే బృందాలూ ఉంటాయి. పియానోని స్టేజి మీద దాని చోటికి జరిపాకే ట్యూన్ చేయించాలి, ఆ టైములో హాలు నిశ్శబ్దంగా ఉండాలి. బుకింగ్ షీటులో ట్యూనింగ్‌కి ఓ గంటన్నర విడిగా రాయకపోతే, పక్కన డ్రమ్స్ రిహార్సల్ మోగుతుంటే ట్యూనర్ చేతులు కట్టుకుని కూర్చుంటాడు. చూశాను లెండి.

సంగీతం రావాలా అంటారా? స్కోరు, అంటే అన్ని వాయిద్యాల స్వరాలూ కలిపి రాసిన పుస్తకం, దాని మొదటి పేజీ చూసి ఏయే వాయిద్యాలు, ఎంతమంది అన్నది చెప్పగలిగితే మొదట్లో చాలు.