కాచగానే పాలు విరుగుతున్నాయా? ముందు పొదుగు చూడండి

పాలు విరిగితే అందరం ముందు గిన్నెనే అనుమానిస్తాం. గిన్నె శుభ్రంగానే ఉంది, పితికిన కాసేపటికే కాచాం, అయినా విరుగుతున్నాయంటే కారణం కొట్టంలోనే వెతకాలి. పశువు ఈని నాలుగైదు రోజులే అయితే అవి జున్నుపాలు, కంగారు అక్కర్లేదు. లేదంటే పొదుగువాపేమో చూడాలి.

పొదుగువాపు అనగానే ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉన్న పొదుగే గుర్తొస్తుంది. కానీ చాలాసార్లు ఈ జబ్బు పైకి కనిపించదు. పొదుగు మెత్తగానే ఉంటుంది, పశువు మేస్తూనే ఉంటుంది. పాలు మాత్రం మెల్లగా తగ్గి, కాస్త ఉప్పగా మారతాయి. అందుకే రోజూ పితికే ముందు ఒక్కో చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు నల్లటి గిన్నెలోకి పితికి చూడండి. తెల్లటి పలుకులో, నీళ్లలాంటి పాలో, రక్తపు చారో కనిపిస్తే ఆ పాలు కలపకుండా పశువైద్యుణ్ని పిలవండి. ఆ పశువును అన్నిటికంటే చివర పితకాలి. లేకపోతే మన చేతులే జబ్బును మిగతావాటికి అంటిస్తాయి.

పితికాక చన్నులను పోవిడోన్ అయోడిన్ మందులో ముంచి, వెంటనే మేత వేయండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి దాదాపు అరగంట పడుతుంది. ముందు మేత ఉంటే అంతసేపూ పశువు నిలబడే ఉంటుంది, పేడలో పడుకోదు. పితికిన వెంటనే మేత వేయడమనే, పైసా ఖర్చు లేని ఈ పనిని దయచేసి వదిలేయకండి.

పాలలో వెన్న శాతం పడిపోతే దాణా పెంచకండి, చాలాసార్లు దాణా ఎక్కువవడమే అసలు కారణం. పీచు మేత కడుపులో పులిస్తేనే వెన్నకు కావలసిన సరుకు తయారవుతుంది. ఎండుగడ్డి పెంచండి, మరీ పొడిలా నరకొద్దు. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ కాబట్టి పొదుగులో పాలు మిగల్చకండి.

పాలకు మేత వాసన వస్తుంటే సైలేజ్‌ను (పులియబెట్టి నిల్వ చేసిన పచ్చిమేతను) పితికాకే వేయండి.

తోడు మంచిదే అయినా పెరుగు తోడుకోవడం లేదా? ఈమధ్య పశువుకు యాంటీబయాటిక్ ఇచ్చారేమో గుర్తు చేసుకోండి. పాలలోకి దిగిన మందు తోడులోని బ్యాక్టీరియాను చంపేస్తుంది. కాచినా అది పూర్తిగా పోదు. మందు ఇచ్చాక ఎన్నాళ్లు పాలు వాడకూడదో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ గడువు ముగిసేదాకా పాలు అమ్మొద్దు, ఇంట్లో వాడొద్దు, దూడకూ పట్టొద్దు. మందు ట్యూబు ఒక్క చన్నుకే ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ పారబోయాల్సిందే. ఎవరు పితికినా పొరపాటు జరగకుండా ఆ పశువు మెడలో రంగు తాడు కట్టండి.